నంద్యాల బండ, ఆళ్లగడ్డ ఉలి

కర్నూలు దాటి నంద్యాల దారి పట్టినవాళ్లకి ఓర్వకల్లు దగ్గరే రాళ్లు ఎదురొస్తాయి. రాక్ గార్డెన్‌లో నిలువునా చీలి నిలబడ్డ స్ఫటికశిలలవి. సెలవురోజుల్లో వాటి మధ్య జనం ఫొటోలు దిగుతుంటారు. మేం అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. మా పని అంతకన్నా మెత్తటి రాయితో, నేలలో పొరలు పొరలుగా పరుచుకున్న నాపరాయితో.

హైదరాబాదులో నాకు తెలిసిన ఒకాయన కాక్‌టెయిల్ బార్ పెడుతున్నాడు. లోపలి అలంకరణ నాకు అప్పగించాడు. మొదటి సమావేశానికే బల్ల నిండా నమూనాలు పరిచారు: ఇటలీ పాలరాయి, టర్కీ రాయి, ఫ్యాక్టరీలో పోతపోసిన క్వార్ట్జ్ పలకలు. రాష్ట్రాల సరిహద్దు దాటి నాలుగైదు గంటలు ప్రయాణిస్తే, దేశం నలుమూలలకీ బండలు పంపే నేల ఉంది. ఆ బల్ల మీద దాని ముక్క ఒక్కటీ లేదు. అది నాకు కష్టం అనిపించింది. నా దగ్గర ఏళ్లుగా పనిచేస్తున్న మేస్త్రీని వెంటబెట్టుకుని బయల్దేరాను. ఆయన పుట్టింది పాణ్యం పక్క పల్లెలో. చిన్నప్పుడు క్వారీల్లో బండలు మోసిన మనిషి.

పాణ్యం రాగానే ఆయన కారు అద్దంలోంచి గుట్టల వైపు చూపించి, "ఆ పైన ఉండాది చూడండి మేడమ్, అది ఉలికి లొంగదు. దాని కింద ఉండేదే మన బండ" అన్నాడు. భూగర్భశాస్త్రం కూడా ఇదే చెబుతుంది. జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం రాశాడు. అప్పటినుంచి ఈ ప్రాంతపు రాతిపొరలకి ఇక్కడి ఊళ్ల పేర్లే నిలిచాయి. అడుగున వజ్రాలకి పేరుపడ్డ బనగానపల్లె శిల, దాని మీద నర్జి సున్నపురాయి, ఆపైన ఔకు పలకరాయి, పాణ్యం స్ఫటికశిల, కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికన్నా పైన నంద్యాల పలకరాయి. బస్సు బోర్డు చదివినట్టుగా భూమి చరిత్ర చదువుకోవచ్చు. కోట్లాది ఏళ్ల కింద ఇక్కడ నిలిచిన సముద్రం అడుగున దిగిన సున్నపు బురదే ఈనాటి మన వంటింటి గట్టు.

రాత్రికి నంద్యాలలో దిగాం. పీవీ నరసింహారావు ప్రధానిగా ఉంటూ 1991 ఉపఎన్నికలో ఇక్కడి నుంచే గెలిచారు. 2022 ఏప్రిల్‌లో ఇది జిల్లా కేంద్రమైంది. చుట్టూ నవనందులు, పక్కన కుందూ నది, పత్తి, వరి. నేను చూడాలనుకున్నది మాత్రం ఇక్కడి బార్లు. కొత్త బార్ గీయబోయేముందు మామూలు బార్ ఎలా ఉందో కళ్లారా చూడాలి కదా. మేస్త్రీ మొహమాటపడ్డాడు. "మీరు లోపలికా మేడమ్?" అన్నాడు. గుమ్మంలోని కుర్రాడు నన్ను చూసి, అడక్కముందే "ఫ్యామిలీ సెక్షన్ పైన" అని మెట్లు చూపించాడు.

ఆ హాలు ఆంధ్రదేశంలో ఏ ఊళ్లోనైనా కనిపించేదే. కిటికీలకి నల్ల ఫిల్మ్. ప్లైవుడ్ మీద సన్‌మైకా అంటించిన క్యాబిన్లు, ఒక్కోదానికి ఒక పరదా. సీలింగు అంచున నీలిరంగు ఎల్ఈడీ పట్టీ. ఏసీ చల్లదనంలో కలిసిపోయిన వేపుడు వాసన. మూల మీద కౌంటర్ ఉంది, కానీ అది బిల్లు కట్టేచోటు. సీసాలు దాని వెనక గదిలో ఎక్కడో ఉంటాయి. మనిషి వచ్చి ఏ బ్రాండ్ అని అడుగుతాడు. పెగ్గు, సోడా, ఉల్లిపాయ ముక్కలు కలిపిన పల్లీలు తెచ్చి పెడతాడు. గ్లాసులో పోసే చేయి మనకి కనపడదు.

అవతలి మనిషి ముఖం కూడా కనపడదు. ఆ చీకటికి ఒక చరిత్ర ఉందని నేననుకుంటాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో అది సడలింది. ఆ మధ్యకాలమంతా తాగడం చాటుపని. తిరిగి తలుపులు తెరిచాక కూడా ఆ చాటు గోడల్లోనే ఉండిపోయింది. ఆ ఆడవాళ్ల పోరాటం న్యాయమైనది. దాన్ని నేను చిన్నది చేయను. ఇంటికి రావలసిన కూలి డబ్బు సారా కొట్లో పోతుంటే వాళ్లు లేచారు. అయితే చీకటి క్యాబిన్ ఆ గాయాన్ని మాన్పలేదు, తాగేవాడిని దాచిపెట్టింది, అంతే. నలుగురూ కనపడేలా, ఆడవాళ్లు జంకులేకుండా కూర్చునేలా వెలుతురుతో కట్టిన చోట మనిషి నెమ్మదిగా తాగుతాడు, త్వరగా లేస్తాడు. నా పనిలో ఇది నేను పదేపదే చూసిన సంగతి.

కాక్‌టెయిల్ బార్‌లో అంతా కౌంటర్ చుట్టూ తిరుగుతుంది. కలిపేవాడు మన ఎదుటే నిలబడి నిమ్మకాయ పిండుతాడు, మంచు పగలగొడతాడు, గ్లాసు తుడుస్తాడు. అందుకని ముందు కౌంటర్ గీసి, తర్వాతే గది గీయాలి. కౌంటర్ ఎత్తు 42 అంగుళాలు, స్టూలు 30 అంగుళాలు. మోకాళ్లు తగలకుండా బండ పది అంగుళాలైనా ముందుకి రావాలి. పాదాలు ఆనించడానికి నేలకి ఎనిమిది అంగుళాల ఎత్తున ఒక ఆసరా కావాలి. ఇవి తప్పితే ఎంత ఖరీదైన రాయి వేసినా అరగంటలో నడుం నొప్పి. లోపలి పక్క నిలబడేవాడి సంగతి చాలామంది డిజైనర్లు మరిచిపోతారు. రాత్రంతా రాతినేల మీద నిలబడే కాళ్లకి రబ్బరు చాప, నీళ్లు పోయే వాలు, చేయి చాపితే అందే దూరంలో మంచుతొట్టి ఉండాలి.

ఈ పనికి పాఠం చెప్పే గది ఒకటి వియన్నాలో ఉంది. వాస్తుశిల్పి అడాల్ఫ్ లూస్ 1908లో కట్టిన అమెరికన్ బార్ అది. మొత్తం 27 చదరపు మీటర్లు, మన ఇళ్లలో ఒక మాదిరి హాలంత. మహాగని కర్ర, పాలరాయి, ఇత్తడి, గుమ్మం పైన వెలుగుని వడగట్టి లోపలికి పంపే ఆనిక్స్ పలకలు. తల ఎత్తున చెక్క, దాని పైన అద్దాలు. ఆ అద్దాల్లో సీలింగు గళ్లు ప్రతిఫలించి గది ఎన్నో గదులుగా సాగిపోయినట్టుంటుంది. కూర్చున్న మనిషి మాత్రం అద్దంలో తన ముఖం చూసుకోడు, ఎందుకంటే అవి కళ్లకి పైన ఉన్నాయి. లూస్ అలంకారాన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు. రాయిలోని చారలు, కర్రలోని జీర, వాటికవే చాలు అన్నది అతని పట్టు. బేతంచెర్లకి వెళుతుంటే నా తలలో ఆ గదే ఉంది.

బేతంచెర్ల గుంతకల్లు–నంద్యాల రైలు మార్గంలో వస్తుంది. ఊరు రాకముందే రోడ్డు రెండు పక్కలా నిలువుగా ఆనించిన బండలు, పాలిష్ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన తెల్లటి బురద గుట్టలు కనపడతాయి. గోడల మీద, చెట్ల ఆకుల మీద అదే తెలుపు. ఇక్కడి బండల్లో ఒక్క రంగు కాదు. బూడిదరంగు, ఆకుపచ్చ ఛాయ, కాఫీ రంగు, నీలి నలుపు. ఒకే బండలో రెండు రంగులు పొరలుగా వచ్చినవీ ఉన్నాయి. క్వారీలో ఈ రాయిని యంత్రం కోయకముందే ప్రకృతి కోసిపెట్టింది. పొర దొరికించుకుని గునపం పెట్టి లేపితే బండ లేస్తుంది. అలా లేచిన ముఖం కాస్త అలలు తిరిగి, అరచేతికి గరుకుగా ఉంటుంది. పాలిష్ చేస్తే అదే రాయి చీకటి నీళ్లలా మెరుస్తుంది.

యార్డు యజమానికి నా కౌంటర్ కొలతలు చెప్పాను. ఇరవై అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం. ఆయన వేళ్ల మీద లెక్కేసి, "అర టన్ను పడుతుంది మేడమ్, మీ స్లాబు ఇంజనీరుకి చెప్పినారా?" అన్నాడు. నా లెక్కలో కూడా దాదాపు 500 కిలోలే వచ్చింది. తర్వాత, దేనికి వాడతారని అడిగాడు. చెప్పాను. ఆయన మాట్లాడకుండా లోపలికి వెళ్లి, భోజనం క్యారియర్ పక్కనున్న నిమ్మచెక్క తెచ్చి, అద్దంలా మెరుస్తున్న నల్లబండ మీద పిండాడు. సన్నటి నురగ లాంటిది ఒక క్షణం కనపడింది. కాసేపు ఆగి గుడ్డతో తుడిచాడు. మెరుపు మధ్యలో నిమ్మచెక్క అంత వెడల్పున బూడిదరంగు మచ్చ. వేలితో తడిమితే అక్కడ నునుపు లేదు.

"ఇది సున్నపురాయి మేడమ్. పులుపు తగిలితే తింటుంది. ఇంట్లో ఆడోళ్లకి ఇది తెల్సు, చింతపండు గిన్నె గట్టు మీద పెట్టరు. మీ బారులో రోజుకి ఎన్ని నిమ్మకాయలు పిండుతారో మీరే చెప్పండి."

అమ్ముకోవలసిన మనిషి తన సరుకు బలహీనత నా చేతికిచ్చి చూపించాడు. ఆ నిజాయితీకి నమస్కారం పెట్టాను. పెద్ద నగరాల షోరూముల్లో కొనేవాడికి ఎదురుగా నిమ్మకాయ పిండేవాళ్లు నాకు తారసపడలేదు.

ఈ మచ్చ వెనక ఉన్న రసాయన చర్యే ఇదే జిల్లాలో బేలం గుహల్ని తొలిచింది. వాననీళ్లు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువుని కలుపుకుని స్వల్పంగా పులుస్తాయి. ఆ నీళ్లు లక్షల ఏళ్లు సున్నపురాయిని కరిగించుకుంటూ పోతే 3,229 మీటర్ల గుహ ఏర్పడింది. భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో దాన్ని గురించి రాశాడు. దారి మళ్లించి ఒక పూట అక్కడా గడిపాం. నేను చూడాలనుకున్నది వెలుతురు. పై నుంచి నిటారుగా దీపం పడ్డ చోట గోడ చదునుగా, చప్పగా ఉంది. కింద పక్క నుంచి ఏటవాలుగా పడ్డ చోట నీళ్లు గీసిన ప్రతి గీతా లేచి కనపడింది. పసుపుఛాయ దీపాల కింద అదే బూడిదరంగు రాయి తేనెరంగుకి తిరిగింది. బార్ గోడకి దీపాలు ఎక్కడ పెట్టాలో అక్కడ నిలబడే పుస్తకంలో గీసుకున్నాను. బండకి ఆరంగుళాల దూరాన, నేల నుంచి పైకి, 2700 కెల్విన్ వెచ్చటి దీపాలు. సీలింగులో ఒక్కటీ వద్దు.

తిరిగి నంద్యాల మీదుగా ఆళ్లగడ్డకి నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఎడమపక్క దూరంగా నల్లమల కొండలు వెంట వస్తాయి. ఊరు దగ్గరపడుతుంటే రోడ్డు పక్క రేకుల షెడ్లు, వాటి ముందు వరసలుగా హనుమంతులు, సాయిబాబాలు, అంబేద్కర్లు, ముఖ్యమంత్రులు, పూర్తికాని నందులు. కొందరికి ముఖాలు ఇంకా లేవు. రాష్ట్రంలో ఊరూరా నిలబడ్డ విగ్రహాల్లో ఎన్నో ఇక్కడి షెడ్లలోనే రూపుదిద్దుకున్నాయి. ఆళ్లగడ్డ శిల్పకళకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అహోబిలం ఇక్కడికి దగ్గరే. ఆ మండపాల స్తంభాల మీద విజయనగర కాలపు చేతిపని చూసి వచ్చి ఈ షెడ్లలో నిలబడితే, ఆ చేయి ఇంకా ఆగలేదని తెలుస్తుంది.

నేను కలిసిన శిల్పి పెద్దాయన. మునివేళ్ల చర్మం అరిగి నున్నగా ఉంది. ఇప్పుడు ముందు రాయిని యంత్రపు చక్రంతో కోస్తారు. ఆ మోతలో మాట వినపడదు. మోత ఆగాక ఉలి పని మొదలవుతుంది. ఆయన ఒక ఏనుగు తొండం మడత దగ్గర పనిచేస్తున్నాడు. ఉలిని నిలువుగా కాకుండా బాగా వంచి పట్టి, సుత్తితో కొట్టడం కాదు, తాకిస్తున్నట్టుగా పోనిస్తున్నాడు. ప్రతి తాకిడికి బియ్యపు నూక అంత పొడి రాలుతోంది. రెండు మూడు తాకిళ్లకోసారి ఊది, బొటనవేలితో తడిమి చూస్తున్నాడు. ఆ మడతలో నీడ ఎంత లోతుగా పడాలో కంటితో కాక వేలితో తేల్చుకుంటున్నాడు.

బార్ యజమాని కోరిక ఆయన ముందు పెట్టాను: సీసాల వెనక గోడ మధ్యలో నటరాజు. పెద్దాయన ఉలి కింద పెట్టాడు. "తాగేచోట సామి వద్దమ్మా. ఎంత ఇచ్చినా నేను చెయ్యను. తామరలు చేస్తా, హంసలు చేస్తా, లతలు చేస్తా. ఏనుగుల వరస కావాలా, చేస్తా. సామికి ఒక కొలత ఉండాది, ఒక చోటు ఉండాది" అన్నాడు. నాకు మనసులో ఎంతో తృప్తి కలిగింది. ఆ కోరికని నేనే వద్దనవలసింది, మొహమాటానికి మోసుకొచ్చాను. హోటళ్లలో, బార్లలో దేవుడి విగ్రహాలకి స్పాట్‌లైటు వేసి ముచ్చట తీర్చుకునే అలవాటు ఈమధ్య బాగా పెరిగింది. పూజకి చెక్కిన రూపాన్ని వాల్‌పేపరులా వాడటం శిల్పినీ భక్తుణ్ణీ ఇద్దర్నీ అవమానించడమే.

ఆయన దగ్గర రెండు పనులు కుదుర్చుకున్నాను. ఒకటి కౌంటర్ కింద కాళ్లు ఆనించే రాతి దిమ్మ, దాని ముఖం మీద ఏనుగుల వరస. కూర్చున్నవాడికి కనపడదు, లోపలికి నడిచి వచ్చేవాడికి దీపపు వెలుగులో మొదట కనపడేది అదే. రెండోది రాతి జాలి. ప్లైవుడ్ క్యాబిన్ల స్థానంలో, బల్లలకి బల్లలకి మధ్య. ఇటువాళ్లకి అటువాళ్ల ముఖం పూర్తిగా కనపడదు, అలాగని చీకటీ ఉండదు. వెలుతురు, మాట, గాలి అటూఇటూ తిరుగుతాయి. లూస్ చూస్తే అలంకారం ఎందుకని అడిగేవాడేమో. తరతరాలుగా చేతిలో ఉన్న విద్య రాయి మీదికి వస్తే అది నాకు అతికించిన అలంకారంలా కనపడదు. ఆ రాయికి అది కూడా ఒక జీరే.

ఒక బాధ మాత్రం రాయక తప్పదు. షెడ్లలో చాలామంది ముక్కుకి తువ్వాలు చుట్టుకుని పనిచేస్తున్నారు. గ్రానైటు పొడిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. నీళ్లు చల్లుతూ కోయడం, దుమ్ము లాగే యంత్రం, సరైన మాస్కు, ఇవి కలిపినా ఒక బార్ షాండిలియర్ ఖరీదులో చిన్న భాగం.

మేస్త్రీతో కూర్చుని చివరికి తేల్చిన లెక్క ఇది. కౌంటర్ పై పలకకి ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు. నల్లటి రాతిలో బంగారు చుక్కలు, నిమ్మరసానికి చెదరదు. కౌంటర్ ముందు ముఖానికి, సీసాల వెనక గోడకి, నేలకి బేతంచెర్ల బండ. గోడకి పాలిష్ లేకుండా, లేచిన ముఖంతోనే. నేలకి కూడా అద్దపు మెరుపు వద్దు, తడిస్తే జారుతుంది. ఇంత రాయి ఉంటే మాటలు గోడలకి కొట్టుకుని గోల అవుతుంది కాబట్టి సీలింగు నిండా ముతక నూలు గుడ్డ మడతలుగా వేలాడదీస్తాం. వందేళ్ల పైబడి పత్తి మీద పరిశోధన సాగుతున్న నంద్యాల నుంచి వస్తూ ఆ మాట నాకు తట్టకుండా ఎలా ఉంటుంది.

బార్ కానీ, హోటల్ కానీ, సొంత ఇల్లు కానీ కట్టే తలపు ఉన్నవాళ్లకి నా విన్నపం. కేటలాగు తెరవడానికి ముందు బేతంచెర్ల యార్డుల్లో ఒక పూట తిరగండి. జేబులో ఒక నిమ్మకాయ పెట్టుకెళ్లండి. ఆళ్లగడ్డలో పని ఇచ్చేటప్పుడు గడువు తొందరపెట్టకండి, సగం డబ్బు ముందే ఇవ్వండి, దుమ్ము నుంచి కాపాడే సామాను ఖర్చు ఒప్పందంలోనే రాయించండి. పని పూర్తయ్యాక డిజైనర్ పేరు పక్కనే, అంతే అక్షరాలతో, శిల్పి ఒప్పుకుంటే ఆయన పేరూ చెక్కించండి.